సంఘం పుస్తకం లాగే ఆరోగ్యం పుస్తకం

(సమాఖ్య వార్షిక మహాసభలో జన్వాడ సంఘం లీడర్ మాట్లాడిన మాటలు)



నేను జన్వాడ నుంచి వచ్చిన. పదో తరగతి చదువుకున్న. పొదుపు, అప్పుల లెక్కలు ఈ రిపోర్టులో ఎట్లాగూ ఉన్నాయి. నేను మాత్రం ఈ ఏడు మా సంఘంలో జరిగిన ఒక్క ముచ్చట చెప్తాను. ఒక ఆడపిల్ల చదువుకు అప్పు ఇయ్యాలా, వద్దా అన్న ముచ్చట అది.

2025 శ్రావణ మాసంలో మా సంఘంలోని ఒక అక్క మీటింగులో లేచి, బిడ్డ చదువుకు అప్పు కావాలని అడిగింది. ఆ పిల్ల బీఎస్సీ చదివింది. సిటీలో ఒక ప్రైవేటు దవాఖానలో పేషెంట్ల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే పని చేస్తది. పొద్దున 7 గంటలకు బస్సెక్కితే ఇల్లు చేరేసరికి రాత్రి 8 అవుతది. పని మానకుండా ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో ఎమ్మెస్సీ చేయొచ్చని ఎవరో ఫోన్ చేసి చెప్పిన్రట. చదువు పేరు హెల్త్ ఇన్ఫర్మేటిక్స్. 2 ఏండ్లు. ముందుగా 20,000 రూపాయలు కట్టాలె, శనివారమే ఆఖరు తేదీ అన్నరట.

"గదేం చదువు? డాక్టరా, నర్సా?" అని అందరం అడిగినం. రెండూ కాదు అన్నది పిల్ల. "అక్కా, మీ సంఘం పుస్తకాలు ఎట్లనో, దవాఖానకు ఇది అట్ల" అన్నది.

అప్పుడు నాకు మా అత్తమ్మ యాదికొచ్చింది. ఆమెకు ఒక మందు పడదు. ఆ సూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం. ఆ సంగతి రాసిన చీటీ బస్సులో పోగొట్టుకున్నం. తర్వాత ఇంకో దవాఖానకు పోతే "ఏ మందు పడదమ్మా?" అని అడిగిన్రు. నాకు పేరు నోరు తిరగలే. తెల్ల సీసా అని చెప్పిన. తెల్ల సీసాలు ఎన్ని ఉండవు? మళ్లీ అన్ని పరీక్షలు చేసిన్రు, మళ్లీ పైసలు కట్టినం. ఆ రోజు ఆమెకు ఏమీ కాలేదు. అది మా అదృష్టం, మా తెలివి కాదు.

ఆ చీటీ పోకుండా చూసే చదువే ఇది. మన పంచసూత్రాల్లో పుస్తక నిర్వహణ ఒకటి కదా. ఎవరు ఎంత పొదుపు చేసిన్రు, ఎవరు ఎంత బాకీ, ఎవరి సంతకం, అన్నీ ఒక్క తీరుగా రాస్తేనే బ్యాంకు నమ్ముతది. రోగాల లెక్క కూడా అంతే. ఒక డాక్టరు షుగర్ అని రాస్తడు, ఇంకొకరు డయాబెటిస్ అని, ఇంకొకరు మధుమేహం అని. మనకు ఒక్కటే, కంప్యూటర్‌కు మూడు వేరు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి జబ్బుకూ ఒక కోడ్ పెట్టింది. పెద్దవాళ్లకు సాధారణంగా వచ్చే షుగర్‌కు ఐసీడీ-10 లో ఈ11 అని ఉంటది. ఏ కోడ్ రాయాలి, రిపోర్టు ఒక దవాఖాన నుంచి ఇంకో దవాఖానకు ఎట్ల పోవాలి, దాన్ని ఎవరు చూడొచ్చు, ఎవరు చూడొద్దు, ఇవన్నీ ఈ చదువులో ఉంటాయని పిల్ల చెప్పింది.

నాకు చదువు నచ్చింది. "ఇద్దాం, రాయండి తీర్మానం" అని నేనే తొందరపడ్డ. సంతకం రాక వేలిముద్ర వేసే ఒక పెద్దమ్మ ఉన్నది మా సంఘంలో. ఆమె అన్నది: "మనం బర్రెను కొనేటప్పుడు పండ్లు చూస్తం. ఇరవై వేలు తీసుకునేటోళ్ల పండ్లు ఎవరు చూసిన్రు?"

అందరం ఊకున్నం. నిజమే, కాలేజీ ఎక్కడుందో కూడా మాకు తెల్వదు. తీర్మానం ఆపి, పిల్లనే చూసి రమ్మన్నం. ఆమెకు కోపం వచ్చింది, ఏడ్చింది కూడా. అయినా సెలవు రోజు కూర్చొని చూసింది.

వినాయక చవితి తర్వాత మీటింగులో తనే లేచి చెప్పింది. ఆన్‌లైన్ డిగ్రీకి యూజీసీ అనుమతి ఉంటే రెగ్యులర్ డిగ్రీతో సమానమే. అనుమతి ఉన్న కాలేజీలు, కోర్సుల పేర్లు యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఫోన్ చేసినోళ్ల పేరు అందులో లేదు. ఇంకో సంగతి కూడా తెలిసింది. 2021లో కేంద్రం అనుబంధ ఆరోగ్య వృత్తులకు ఒక చట్టం చేసింది. ఆ చట్టం జాబితాలో హెల్త్ ఇన్ఫర్మేటిక్స్ వృత్తి కూడా ఉన్నది. ఆ చట్టం కిందికి వచ్చే కోర్సులను 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో నడపొద్దని యూజీసీ చెప్పింది. అంటే ఆ శనివారం పైసలు కట్టి ఉంటే, కిస్తీలు మనకు మిగిలేవి, డిగ్రీ చెల్లుతుందో లేదో తెలిసేది కాదు.

పిల్ల ఆశను మాత్రం మేము వదలలేదు. 20,000 ఫీజుకు కాకుండా, పాత ల్యాప్‌టాప్ కొనుక్కోవడానికి సంఘం నుంచి అప్పు ఇచ్చినం. ఇప్పుడు స్వయం పోర్టల్‌లో ఉచితంగా పాఠాలు వింటున్నది. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. వచ్చే ఏడు రెగ్యులర్ కోర్సుకు ప్రయత్నం చేస్తది. అప్పుడు పెద్ద అప్పు అడుగుతది, అప్పుడు మళ్లీ పండ్లు చూస్తం.

ఈలోపు ఆమె మాకూ ఒక పని చేసి పెట్టింది. 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ఆభా నంబర్ ఇస్తరు. 14 అంకెలు. పైసా ఖర్చు లేదు, బలవంతం లేదు. ఇష్టమున్నోళ్లకు ఆ నంబర్ తీసి ఇచ్చింది. మా అత్తమ్మకు కూడా తీసినం. అక్కలారా, ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆభా అంటే ఆరోగ్యశ్రీ కాదు. ఆభాతో ఆపరేషన్‌కు పైసలు రావు. అది మన రిపోర్టులను ఒకచోట కలిపే నంబర్ మాత్రమే. మన రిపోర్టు ఇంకొకరు చూడాలంటే మన ఒప్పుకోలు కావాలి. కాబట్టి ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు.

సమాఖ్యకు మా సంఘం తరఫున మూడు కోరికలు.

ఒకటి: చదువు అప్పు అడిగితే, కాలేజీ పేరు, కోర్సు పేరు యూజీసీ జాబితాలో చూసిన తర్వాతనే తీర్మానం రాయాలి. ఆఖరు తేదీ అని ఎవరు తొందరపెట్టినా ఒక మీటింగు ఆగాలి.

రెండు: ప్రతి ఇంటికీ ఒక ఆరోగ్యం ఫైలు ఉండాలి. బీపీ, షుగర్, వాడే గోలీలు, పడని మందు పేరు మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయాలి. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, 20 రూపాయల నోటుబుక్కు చాలు.

మూడు: మన ఊర్లల్ల చదువుకున్న ఆడపిల్లలున్నరు. వాళ్లను నెలకొక్కసారి గ్రామ సంఘం మీటింగుకు పిలిచి ఇట్లాంటివి చెప్పించాలి. వాళ్లకు కూడా గౌరవంగా ఉంటది.

మా అత్తమ్మకు పడని మందు పేరు ఇప్పుడు నాకు నోటికి వచ్చు. ఫైలు మొదటి పేజీలో నా చేతితోనే రాసిన. ఇంటికి పోయినంక మీరు కూడా మీ అత్తమ్మను, అమ్మను ఒక్కసారి అడగండి, "నీకు ఏ మందు పడదు?" అని.