కుదించిన కడుపు, కుదరని ప్రొటీన్ లెక్క

బరువు తగ్గడానికి జీర్ణాశయం మీద శస్త్రచికిత్స చేయించుకున్న మనిషి రోజుకు ఎన్ని కేలరీలు తినాలి, ఎంత ప్రొటీన్ తినాలి అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు చాలావరకు కడుపే చెబుతుంది. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయాన్ని నిలువునా కోసి ముప్పావు భాగం దాకా తీసేస్తారు. మిగిలిన సన్నని గొట్టంలో 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడితే ఎక్కువ. బైపాస్ పద్ధతిలో పైన 30 మిల్లీలీటర్ల చిన్న సంచిని మాత్రం ఉంచి, చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించి కిందికి కలుపుతారు. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది స్లీవ్‌లో తీసేసే భాగంలోనే కనుక మొదటి నెలల్లో ఆకలి కూడా అంతంతే. ఎవరూ లెక్కపెట్టకపోయినా కేలరీలు పడిపోతాయి. వాటితోపాటు ప్రొటీన్ కూడా పడిపోవడమే అసలు చిక్కు. తగ్గే బరువులో కొవ్వుతోపాటు కండ కూడా ఉంటుంది, ఒక్కోసారి నాలుగో వంతు దాకా. ఆ కండను కాపాడేవి రెండే: తగినంత ప్రొటీన్, ఒంటికి పని.

ఇది పట్నాల సంగతని పక్కన పెట్టడానికి లేదు. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 30 శాతం మంది, పురుషులలో 32 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో స్త్రీలలో సగానికి మించి, 57.6 శాతం మందికి రక్తహీనత తేలింది. లావు, పోషకాహార లోపం ఒకే ఇంట్లో, చాలాసార్లు ఒకే ఒంట్లో ఉంటున్నాయి. చిట్యాల వంటి మండల కేంద్రం నుంచి కూడా ఈ శస్త్రచికిత్స కోసం వరంగల్‌కో హైదరాబాద్‌కో పోవాల్సిందే. ఆపరేషన్ అక్కడ జరుగుతుంది, తిండి మాత్రం ఇక్కడి వంటింట్లో తినాలి. ఆసుపత్రి చేతిలో పెట్టే ఆహార పట్టికకు, ఈ వంటింటికి పొత్తు కుదరడం అంత సులువు కాదు.

పోషకాహార శాస్త్రం ఈ విషయంలో ఒక పాత సూత్రాన్ని తిరగేయాల్సి వచ్చింది. ఆ సూత్రం వెనక హైదరాబాద్ కృషి ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగం 1958లో హైదరాబాద్‌కు తరలి, తరవాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. ప్రపంచమంతా పేదదేశాల పిల్లలకు ప్రొటీన్ పొడులు పంచాలని ఉత్సాహపడుతున్న 1960లలో, ఆ సంస్థను నడిపించిన కొలుత్తూర్ గోపాలన్ వేరే మాట చెప్పారు. మన పిల్లల తిండిలో అసలు కొరత కేలరీలది, అన్నం పప్పు కలిసిన మామూలు తిండే కడుపునిండా పెడితే ప్రొటీన్ కూడా దానంతటదే సరిపోతుంది అని. ఆ మాట నిలబడింది. కానీ అందులో కీలకం ‘కడుపునిండా’ అన్న షరతు. కుదించిన కడుపు విషయంలో ఆ షరతే చెల్లదు. ఇక్కడ కేలరీల కొరత కావాలని తెచ్చిపెట్టుకున్నది, దాన్ని ఒంట్లో నిలవున్న కొవ్వు తీరుస్తుంది. ప్రొటీన్‌కు మాత్రం ఒంట్లో వేరే గిడ్డంగి లేదు.

ఇక అంకెలు. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫార్సుల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 55 కిలోల స్త్రీకి అది 46 గ్రాములు. కూర్చుని చేసే పనులతో గడిపే ఆమెకు రోజుకు 1660 కేలరీలు చాలు. అంటే కేలరీల్లో 11 శాతం ప్రొటీన్ నుంచి వస్తే సరి. శస్త్రచికిత్స తరవాత అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పే కనీస మోతాదు రోజుకు 60 గ్రాములు. ఉండాల్సిన బరువులో కిలోకు 1.5 గ్రాముల దాకా పోవచ్చు. ఇప్పుడున్న బరువును పట్టుకుని లెక్క వేయకూడదు. 110 కిలోల మనిషి ఎత్తుకు తగిన బరువు 55 కిలోలైతే 60 నుంచి 80 గ్రాములు సరిపోతుంది. పేగును మరీ ఎక్కువ దూరం దాటించే అరుదైన పద్ధతులలో అవసరం ఇంకా పెరుగుతుంది. కేలరీలు మాత్రం మొదటి రెండు వారాల్లో 300–500 దగ్గర ఉండి, ఆరో నెలకు 800–1000కి, ఏడాదికి 1000–1400కి చేరతాయి. మనిషిని బట్టి, చేసే పనిని బట్టి ఇందులో హెచ్చుతగ్గులుంటాయి. 900 కేలరీల్లో 60 గ్రాములంటే నాలుగో వంతుకు పైగా ప్రొటీన్ నుంచే రావాలి. 11 శాతం చాలిన చోట ఇప్పుడు 27 శాతం కావాలన్నమాట.

రేషన్ బియ్యంతో వేసి చూస్తే ఈ లెక్క ఎంత బిగువో తెలుస్తుంది. 2025 ఉగాది నుంచి రాష్ట్రంలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. రోజుకు 200 గ్రాములు. వాటిలో దాదాపు 700 కేలరీలు, 14–15 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. ఇంట్లో అందరికీ అదే ఆధారం. శస్త్రచికిత్స అయినవాళ్లు ఆ వంతు అంతా తినగలిగినా, 900 కేలరీల్లో మిగిలేవి 200. కావాల్సిన ప్రొటీన్ ఇంకా 45 గ్రాములు. ప్రొటీన్ గ్రాముకు 4 కేలరీలు కనుక, కొవ్వు గానీ పిండిపదార్థం గానీ అసలు లేని శుద్ధ ప్రొటీన్ తిన్నా 180 కేలరీలు దానికే పోతాయి. అలాంటి కూర ఏ వంటింట్లోనూ ఉండదు.

అయితే పప్పు? కందిపప్పులో నూటికి 22 గ్రాముల ప్రొటీన్ ఉంది, మంచి సరుకే. 60 గ్రాములూ దాని నుంచే రావాలంటే 270 గ్రాముల పప్పు కావాలి. అవి 900 కేలరీలు, ఉడికాక కిలో దాకా బరువు. కేలరీలు సరిపోయినా ఆ కడుపులో చోటు చాలదు. ఈ లెక్కలో కేలరీలు, ప్రొటీన్‌తోపాటు పరిమాణం కూడా మూడో పద్దు అని గుర్తుంచుకోకపోతే ఏ ఆహార పట్టికైనా కాగితం మీదే ఉంటుంది. గుడ్డు, చేప, కోడికూర, పాలవిరుగుడు, మీల్ మేకర్ ఈ మూడు పద్దుల్లోనూ నెగ్గుతాయి. ఒక గుడ్డులో 6 గ్రాములు. నూరు గ్రాముల చేపలో 17 నుంచి 20 గ్రాములు, కేలరీలు మాత్రం నూరు చిల్లర. చెరువుల జిల్లాలకు ఇది కలిసొచ్చే సంగతి. బొచ్చె, రవ్వ దొరకని ఊరు తక్కువ. సన్నముళ్లు తక్కువగా ఉండే కొర్రమట్ట మెత్తని తిండి దశలో మరీ అనువు. పులుసులో నూనె తగ్గించుకోవాలంతే.

తిండి రూపం వారాల మీద మారుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు తేట ద్రవాలు, అవీ గుక్కెడు గుక్కెడుగా. తరవాత రెండు వారాల దాకా పాలు, మజ్జిగ, వడకట్టిన పప్పుచారు. మూడు నాలుగు వారాల్లో మెత్తగా రుబ్బినవి, ఆ పైన రెండో నెల చివరిదాకా మెత్తగా ఉడికినవి, తరవాత మామూలు తిండి. ద్రవాల దశలోనే ప్రొటీన్ ఎక్కువగా తప్పిపోతుంది. పాలలో నూరు మిల్లీలీటర్లకు 3 గ్రాముల చిల్లరే కనుక 60 గ్రాములకు లీటరున్నర దాటి తాగాలి. అందుకే ఆ రోజుల్లో పాలవిరుగుడు నుంచి తీసిన వే పొడి వాడతారు. ఒక మోతాదుకు 20 గ్రాములకు పైగా ప్రొటీన్ దొరుకుతుంది. ఖర్చు ఎక్కువే. కానీ కొన్ని వారాలకే కావాల్సిన ఖర్చు.

ఈ దశలోనే మేక కాళ్ల సూపు మీద అందరికీ నమ్మకం ఎక్కువ. ఆపరేషన్ అయినవాళ్లకు బలమని చుట్టాలు టిఫిన్ డబ్బాల్లో మోసుకొస్తారు. వెచ్చని ద్రవంగా దానికి వంక లేదు. ప్రొటీన్ లెక్కలో మాత్రం వేయకూడదు. ఎముకల నుంచి దిగేది ఎక్కువగా జెలటిన్. శరీరం తయారుచేసుకోలేని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అందులో లేదు. 1970లలో అమెరికాలో జంతువుల చర్మం, స్నాయువుల కొలాజెన్ నుంచి తీసిన ద్రవ ప్రొటీన్ మీదే బతుకుతూ బరువు తగ్గే పద్ధతి ఒకటి ఊపందుకుంది. 1977 నాటికి పదుల సంఖ్యలో మరణాలు బయటపడ్డాయి, చాలావరకు గుండె లయ తప్పి. గ్రాములు ఎన్ని అన్నదానితోపాటు ఏ ప్రొటీన్ అన్నది కూడా చూడాలని ఆ ఉదంతం తరవాత వైద్యలోకం గట్టిగా చెబుతోంది. పప్పుల్లో తక్కువైన మెథియోనిన్‌ను ధాన్యాలు, ధాన్యాల్లో తక్కువైన లైసిన్‌ను పప్పులు పూరిస్తాయి కనుక శాకాహారులు రెండూ కొద్దికొద్దిగా కలిపి తినాలి. పాలు, పెరుగు, పనీర్ వాళ్లకు తప్పనిసరి.

ఆరో నెలలో ఒక రోజు తిండి ఇలా ఉండవచ్చు: ఉడికించిన గుడ్లు రెండు, నూరు గ్రాముల చేప రెండు పూటలకు పంచి, పావు లీటరు వెన్న తీసిన పాలు లేదా వాటితో తోడుపెట్టిన పెరుగు, 30 గ్రాముల పప్పుతో చిక్కగా చేసిన కూరపప్పు, 20 గ్రాముల మీల్ మేకర్, 40 గ్రాముల పిండితో చిన్న జొన్నరొట్టె, రెండు చెంచాల నూనె. ప్రొటీన్ 60 గ్రాముల దగ్గర, కేలరీలు 800 దగ్గర తేలతాయి. అన్నం నిషిద్ధమేమీ కాదు, దాని వరస మారుతుంది. పప్పుతో మొదలుపెట్టి పెరుగుతో ముగించే మన భోజనంలో అన్నీ అన్నంలో కలిసే వస్తాయి. ఈ కడుపుకు ముందు చేపో గుడ్డో, తరవాత కూర, చోటు మిగిలితే చివర రెండు ముద్దల అన్నం. మెత్తగా నమిలి, ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా తినాలి. మంచినీళ్లు భోజనానికి అరగంట ఎడంగా, మొత్తం మీద రోజుకు లీటరున్నరకు తగ్గకుండా తాగాలి. పత్తి ఏరే రోజుల్లో ఎండలో పనిచేసేవాళ్లకు అదీ చాలదు.

తీపితో బైపాస్ అయినవాళ్లకు వేరే ప్రమాదం. చక్కెర ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగి, అరగంటలోపే చెమటలు, గుండెదడ, విరేచనాలు పట్టుకుంటాయి. కొందరికి గంట నుంచి మూడు గంటల తరవాత రక్తంలో చక్కెర బాగా పడిపోతుంది. మేడారం జాతర నుంచి ఇంటింటికీ వచ్చే ‘బంగారం’, అంటే బెల్లం ప్రసాదం, ఈ ప్రాంతంలో ఎవరూ కాదనరు. కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటే చాలు, గడ్డ కొరకకూడదు.

ఆగని వాంతులు మొదలైతే మాత్రం ప్రొటీన్ లెక్క పక్కన పెట్టి ఆసుపత్రికి పోవాలి. థయామిన్ అనే బి1 విటమిన్ నిలవలు శరీరంలో రెండు మూడు వారాలకే సరిపోతాయి. అవి అయిపోతే కాళ్లు తిమ్మిరెక్కి, చూపు చెదిరి, నడక తూలుతుంది. ఇది బెరిబెరికి దగ్గరి చుట్టం. కూనూరులో మెక్‌కారిసన్ మొదలుపెట్టిన విభాగం పేరే బెరిబెరి విచారణ. తెల్లగా మరపట్టిన బియ్యం తిన్న ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు ఆ జబ్బు పాతుకుపోయి ఉండేది. గ్లూకోజు సెలైన్ ఎక్కించే ముందే థయామిన్ ఇవ్వాలన్నది ఇక్కడ వైద్యులు మరవకూడని జాగ్రత్త. మిగతా మాత్రలు రోజువారీవే: కాల్షియం 1200–1500 మిల్లీగ్రాములు, విటమిన్ డి, బి12, ముట్టు వచ్చే స్త్రీలకు 45–60 మిల్లీగ్రాముల ఇనుము. ఇనుము, కాల్షియం ఒకేసారి మింగితే ఒకదాన్ని ఇంకొకటి అడ్డుకుంటుంది, రెండు గంటలు ఎడం ఉండాలి.

మూడో నెలకు, ఆరో నెలకు మధ్య జుట్టు రాలడం చూసి చాలామంది బెదిరిపోతారు. బరువు వేగంగా తగ్గడమే దానికి ముఖ్య కారణం, చాలావరకు తిరిగి వస్తుంది. పాదాల వాపు, కూర్చున్నచోటి నుంచి లేవడానికి చేతి ఊతం కావడం మాత్రం ప్రొటీన్ లోపానికి గుర్తులు కావచ్చు. వాటిని రక్తపరీక్షతో తేల్చుకోవాలి.

ఏడాది దాటాక ఆకలి మళ్లీ తలెత్తుతుంది. అప్పుడు చిక్కు తలకిందులవుతుంది: ప్రొటీన్ తక్కువగానే ఉంటూ కేలరీలు పెరుగుతాయి. చేపముక్క కడుపులో నిలుస్తుంది, మిక్చర్, బిస్కెట్లు, చక్కెర చాయ్ జారిపోతాయి. రెండు చెంచాల చక్కెరతో రోజుకు అయిదు చాయ్‌లంటే చక్కెర నుంచే 200 కేలరీలు. కల్లు సంగతి అంతకన్నా తీవ్రం. బైపాస్ తరవాత మద్యం రక్తంలోకి తొందరగా, ఎక్కువగా ఎక్కుతుంది. రెండో ఏట మద్యానికి బానిసయ్యేవారు పెరిగారని 2012లో అమెరికా అధ్యయనం ఒకటి చూపింది. తాటిచెట్ల కింద సాయంత్రాలు గడిచే ఊళ్లలో ఈ విషయం ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

పిల్లలు కావాలనుకునే స్త్రీలు 12 నుంచి 18 నెలలు ఆగాలి. బరువు నిలకడకు వచ్చి రక్తపరీక్షలు సరిగా ఉన్నాకే గర్భం క్షేమం, అప్పుడూ రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ కనీసమే. గర్భిణులందరికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మధుమేహం కోసం 75 గ్రాముల గ్లూకోజు తాగించి పరీక్ష చేస్తారు. బైపాస్ అయిన స్త్రీకి ఆ గ్లాసే కళ్లు తిరిగేలా చేయవచ్చు. ఆమె ఆపరేషన్ సంగతి ఆశా కార్యకర్తకు ముందే చెబితే, దాని బదులు వారం రోజులు వేలి కొన నుంచి చుక్క రక్తం తీసి, తినకముందు, తిన్న తరవాత చక్కెర చూస్తారు.