కారే కుళాయి, బిగించే చెయ్యి

(రేడియో ప్రసంగ పాఠం)

ఈ ఉదయం మీతో ఒక చిన్న సంగతి మాట్లాడాలని ఆశపడుతున్నాను. రాత్రి ఇంటిల్లిపాదీ పడుకున్నాక, ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినిపించని వేళ, మీ ఇంట్లో ఎక్కడినుంచైనా టప్... టప్... అని వినిపిస్తూ ఉంటుందా? ఆ చప్పుడుకు అలవాటుపడి, ఇప్పుడు వినడం కూడా మానేశారా? అయితే ఈ మాటలు మీ కోసమే.

మా ఇంటి పెరట్లో తొట్టి పక్కన పాతకాలపు ఇత్తడి కుళాయి ఒకటి ఉంది. అది కొన్ని నెలలపాటు కారింది. నేనేమి చేశానో దాచకుండా చెబుతాను. అటు వెళ్ళినప్పుడల్లా దాన్ని బలంగా బిగించేవాణ్ణి. రెండు రోజులు ఆగేది, మళ్ళీ కారేది. ఈసారి ఇంకా బలంగా బిగించేవాణ్ణి. ప్లంబరుకు కబురు చేస్తే, ఇంత చిన్న పనికి ఆయనకు తీరిక దొరికేది కాదు. నాకేమో ఆ కుళాయి విప్పి చూద్దామన్న ఆలోచనే రాలేదు.

ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి మా అమ్మ వీధివైపు కుళాయి దగ్గర చెంబు నింపుకుని, మెట్లు పట్టుకుని, మెల్లగా పెరట్లోకి నడుస్తోంది. "అమ్మా, పెరట్లోనే కుళాయి ఉంది కదా?" అన్నాను. "అది నా చేతికి తిరగట్లేదు నాయనా. నువ్వు బిగించి పోతావు. నీకు సవాలక్ష పనులు, ఇదెందుకు చెప్పడంలే అని ఊరుకున్నాను" అంది. కీళ్ళవాతంతో వంకరపోయిన ఆమె వేళ్ళకేసి చూశాను. ప్రియులారా, నేనెంత బిగించినా నీళ్ళు ఆగలేదు గాని, మా అమ్మకు మాత్రం ఆ కుళాయి మూతబడిపోయింది. ఆ రోజు నాకు చాలా సిగ్గనిపించింది.

ముందుగా ఎంత నీరు పోతుందో చూద్దామని కుళాయి కింద పావు లీటరు గ్లాసు పెట్టాను. ఇరవై నిమిషాల్లో నిండింది. అంటే గంటకు ముప్పావు లీటరు, రోజుకు 18 లీటర్లు, నెలకు 540 లీటర్లు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెలో ఒక మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలని లెక్క కట్టింది. ఆ ప్రకారం చూస్తే ఒక మనిషి వంతులో సుమారు మూడోవంతు నా పెరట్లోనే మట్టిపాలైంది. మీరు కూడా ఈ పూట ఒక గ్లాసు పెట్టి చూడండి.

ఇంతకీ కుళాయి ఎందుకు కారుతుంది? తిప్పి తిప్పి మూసే కుళాయిలో, నీళ్ళు పైకి వచ్చే గుండ్రటి రంధ్రం ఒకటి ఉంటుంది. దానిమీద పుట్టగొడుగులాంటి చిన్న ఇత్తడి ముక్క, దాని అడుగున రూపాయి బిళ్ళకన్నా చిన్నదైన రబ్బరు వాషరు ఉంటాయి. మనం తిప్పినప్పుడు ఆ వాషరు దిగి రంధ్రాన్ని మూస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రబ్బరు గట్టిపడుతుంది, అరుగుతుంది. అప్పుడు మనం బలంకొద్దీ బిగిస్తే ఏమవుతుంది? రంధ్రపు అంచు రబ్బరులోకి దిగి ఇంకా కోస్తుంది. అంటే, బాగుచేస్తున్నాననుకుని నేను చేసిన పనే దాన్ని మరింత పాడుచేసింది.

ఇక బాగుచేసే విధానం గమనించండి. మొదట పైన ట్యాంకు నుంచి వచ్చే వాల్వు కట్టేయండి. ఇది మరచిపోతే ఇల్లంతా చెరువే! తరువాత కుళాయి తిప్పి, గొట్టంలో మిగిలిన నీళ్ళు బకెట్లోకి పోనివ్వండి. కుళాయిని అలా తెరచే ఉంచండి. కింద నీళ్ళు పోయే కంతలో ఒక గుడ్డ కుక్కండి, లేకపోతే చిన్న ముక్కలు అందులో పడిపోతాయి. ఇప్పుడు పిడికి కింద ఉన్న పెద్ద నట్టుకు గుడ్డ చుట్టి, పానాతో ఎడమవైపుకు తిప్పండి. అలా తిప్పేటప్పుడు రెండవ చేత్తో గాని, మరో పానాతో గాని కుళాయి ఒంటిని కదలకుండా పట్టుకోవాలి. పట్టుకోకపోతే గోడలోని పైపు కూడా తిరిగి లోపల పగిలే ప్రమాదం ఉంది. అప్పుడు రెండు రూపాయల పని వేల రూపాయల పని అవుతుంది.

పై భాగం ఊడి వచ్చాక ఆ ఇత్తడి ముక్కను బయటికి తీయండి. నా చేతికి వచ్చిన వాషరు మీద గోటితో గీసినట్టు గుండ్రటి గాడి పడి ఉంది. ఆ పాత వాషరునే పట్టుకుని కొట్టుకు వెళ్ళాను. "పాతది తెచ్చారా అయ్యగారూ, మంచి పని చేశారు. సైజు తప్పితే మళ్ళీ కారుద్ది" అన్నాడు కొట్టతను. కొత్తది కొన్ని రూపాయలే. బిగించేముందు రంధ్రపు అంచు మీద వేలు పెట్టి నెమ్మదిగా తడమండి. బోరు నీళ్ళ వల్ల తెల్లటి పొర కట్టి ఉంటే గుడ్డతో తుడిచేయండి. అంచే అరిగి గుంటలు పడి ఉంటే కొత్త వాషరు కూడా నిలవదు, అప్పుడు ప్లంబరును పిలవడమో, కుళాయి మార్చడమో చేయాలి. అంతా బాగుంటే విప్పిన వరుసకు తిరుగు వరుసలో అమర్చి, వాల్వును మెల్లగా వదలండి.

మరొక మాట. నీళ్ళు మూతి నుంచి కాక పిడి కింద నుంచి ఊరుతుంటే తప్పు వాషరుది కాదు, అక్కడి చిన్న నట్టు కాస్త బిగిస్తే చాలావరకు ఆగుతుంది. గోడ దగ్గర కారుతుంటే కుళాయి విప్పి, మరలకు టెఫ్లాన్ టేపు చుట్టాలి. పావు చుట్టుతో తెరుచుకునే కొత్తరకం కుళాయిల్లో ఈ రబ్బరు వాషరు ఉండదు, లోపలి భాగాన్ని మొత్తంగా మార్చాలి. కాబట్టి ఎక్కడ కారుతోందో ముందు చూడండి, తరువాత చెయ్యి వేయండి.

అయిదువేలమంది తృప్తిగా తిన్న తరువాత కూడా, మిగిలిన ముక్కలు వ్యర్థం కాకుండా పోగుచేయమని మన ప్రభువు శిష్యులకు చెప్పిన సంగతి మీకు తెలుసు. సమృద్ధి ఉన్నచోట సయితం ముక్కను లెక్కచేసినవాడు, నీటి చుక్కను లెక్కచేయడా?

అయితే ఆ రోజు నేను నేర్చుకున్నది నీటి సంగతి ఒక్కటే కాదు. మన ఇళ్ళలో ఏదైనా సరిగా లేనప్పుడు మనం మొదట చేసే పని ఏమిటి? బిగించడం. పిల్లవాడు చదవకపోతే గద్దింపు, ఇంట్లో ఒక మాట తేడా వస్తే ఇంకా పెద్ద గొంతు. రెండు రోజులు అణిగినట్టే ఉంటుంది. లోపల అరిగినదేమిటో మాత్రం విప్పి చూడము. మన బలం వల్ల ఎవరి చేతికి తలుపు మూసుకుపోయిందో అసలే అడగము. వాళ్ళు మా అమ్మలాగే, మనకెన్నో పనులున్నాయని చెప్పకుండా ఊరుకుంటారు.

పని ముగిశాక, పాత అలవాటు చొప్పున కుళాయిని మళ్ళీ బలంగా బిగించబోయాను. వెనక నిలబడిన మా అమ్మ, "ఇక చాల్లే నాయనా" అంది. చెయ్యి తీసేశాను. చుక్క రాలేదు. ఆమె ముందుకు వచ్చి రెండు వేళ్ళతో తిప్పింది. నీళ్ళు వచ్చాయి. రెండు వేళ్ళతోనే మూసింది. ఆగిపోయాయి.

ప్రియ శ్రోతలారా, ఈ వారం మీ ఇంట్లో కారే కుళాయిని బాగుచేయండి. అది అయ్యాక, మీ ఇంట్లో అందరికన్నా బలహీనమైన చేతిని పిలిచి తిప్పి చూడమనండి. ఆ చేతికి తిరిగితేనే మీ పని పూర్తయినట్టు. దేవుడు మిమ్మును, మీ ఇంటివారిని దీవించును గాక. ఆమేన్.