పటములోని మనుషులు

రేడియోలో బొమ్మను చూపుటకు వీలు లేదు. చిత్రములను గూర్చి చెప్పదలచినవాడు వానిని మాటలతోనే మీ కన్నుల ముందు నిలుపవలసి యున్నది. అయితే దీనివలన ఒక లాభము కూడ కలదు. బొమ్మ ఎదుట నున్నప్పుడు మనము రంగును, రేఖను చూచి తృప్తి పడుదుము. బొమ్మ కనబడనప్పుడు వేరొక ప్రశ్న పుట్టును: ఇంతకును అందులో నున్నది ఎవరు?

కొండగట్టు ఎక్కి ఆంజనేయుని దర్శించి దిగివచ్చు యాత్రికుని చేతిలో ప్రసాదముతో పాటు అద్దము బిగించిన స్వామి పటము తరచుగా కనబడును. ఆ పటము ఇంటికి చేరి గోడకెక్కును. ఈయన ఎవరని బిడ్డ అడిగినచో పెద్దలు తడుముకొనరు. వాయుపుత్రుడనియు, సముద్రమును లంఘించినాడనియు, సంజీవి పర్వతమును పెకలించి తెచ్చినాడనియు చెప్పుదురు. సింగం సంజీవుడను పశువుల కాపరి తప్పిపోయిన పశువును వెదకుచు వచ్చి ఆ కొండపై స్వామిని కనుగొన్నాడను స్థలపురాణమును కూడ చేర్చుదురు. అదే గోడమీద, స్వామి పటమునకు కొంచెము క్రిందుగా, తలపాగా చుట్టిన ఒక ముసలివాని ఫొటో ఉండును. అది ఎవరని అడిగినచో, “మా తాతకు తండ్రి కాబోలు” అను సమాధానము వచ్చును. దేవుని కథ మనకు కంఠస్థము; మనిషి కథ మాత్రము కాబోలు వద్దనే ఆగిపోయినది.

మన ఉత్తర తెలంగాణమునకును, దాని పొరుగునకును చెందిన మూడు విధముల చిత్రములను తీసికొని, వానిలోని మనుషులు ఎవరో, వారికిని చిత్రకారునికిని గల సంబంధమెట్టిదో నేడు విచారింతము.

మొదటిది చేర్యాల పటము. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో నుండిన చేర్యాల నేడు సిద్దిపేట జిల్లాలో నున్నది. అచ్చటి నకాషీలు నేతగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరిన పిదప దానిమీద కథను వ్రాయుదురు. వెనుకతలమంతయు ఎరుపు. వెడల్పు సుమారు 3 అడుగులు. పొడవు ఒక్కొక్కప్పుడు 60 అడుగుల వరకు సాగును. కథకుడు ఆ చుట్టను ఒక్కొక్క గడిగా విప్పుచు, కొన్ని రాత్రుల పాటు పాడి వినిపించును.

ఇందలి విశేషము ఒకటి గమనింపదగినది. పటము ఏ కులమువారి ముందు విప్పబడునో, అందులోని కథ ఆ కులమువారిదే. పద్మశాలీలకు మార్కండేయ పురాణమును కూనపులివారు చెప్పుదురు. గౌడులకు గౌడపురాణమును గౌడజెట్టీలు, ముదిరాజులకు పాండవుల కథను కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణమును డక్కలివారు వినిపింతురు. పగలెల్ల మగ్గపు గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చుండిన నేతగాడు, రాత్రి దీపపు వెలుగులో, తామరనూలుతో దేవతలకు వస్త్రములు నేసిన భావనాఋషిని చూచును. రాజుల చరిత్రలలో తన పేరు లేకపోవచ్చును. ఇచ్చట మాత్రము సృష్టి ఆరంభమునుండియు తన వంశమునకు చోటున్నది. చూచువాడును, చూడబడువాడును ఒక్కడే.

పటము చినిగి పాతబడినప్పుడు దానిని మూలకు విసరివేయు ఆచారము లేదు. మనిషికి చేసినట్లే క్రియ జరిపి నీటిలో కలుపుట సంప్రదాయము. మిక్కిలి పాత పటములు మనకు అరుదుగా దొరకుటకు ఇదియు ఒక కారణము. నేడు పొడవు పటములను విప్పి కథ చెప్పు రాత్రులు తగ్గినవి. నకాషీ చేయి మాత్రము ఆగలేదు. చిన్న చట్రములు, బొమ్మలు, మోములు చేసి పట్టణములకు పంపుచున్నది. అందులో కడవ నెత్తిన పెట్టుకొనిన స్త్రీ అందముగానే ఉండును. కాని కొన్నవారికి ఆమె ఎవరో తెలియదు. చెప్పుటకు కూనపులివాడు వెంట రాడు. రంగు ఊరు దాటి వచ్చినది, కథ ఊరిలోనే నిలిచిపోయినది.

రెండవది ఆదిలాబాదు అడవులలోని ఛాయాచిత్రములు. 1909లో వియన్నా నగరములో జన్మించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ మానవశాస్త్రజ్ఞుడు. 1939లో రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభమగునప్పటికి భారతదేశములో నుండెను. జర్మను పాస్‌పోర్టు గలవాడగుటచే ఆంగ్ల ప్రభుత్వము ఆయనను అనుమానించినది. హైదరాబాదు సంస్థానములోనే ఉండవలసి వచ్చినది. ఆ నిర్బంధమును ఆయన విద్యగా మార్చుకొనినారు. మొదట చెంచులను, తరువాత గోదావరి తీరపు కొండరెడ్లను, పిదప ఆదిలాబాదు రాజగోండులను గూర్చి పరిశోధించినారు. గోండులను గూర్చిన గ్రంథము 1948లో వెలువడినది. భార్య బెట్టీ అడుగడుగున ఆయన వెంట నుండినారు.

వారు గోండుల నడుమకు వచ్చిన కాలము సామాన్యమైనది కాదు. అడవికి సర్కారు గీతలు గీసి, తరతరములుగా దున్నిన పోడు భూములను నేరముగా ఎంచిన రోజులవి. పట్టా అను కాగితము గోండుకు తెలియదు. తెలిసినవారు వచ్చి అతని భూమిని తమ పేర వ్రాయించుకొనినారు. ఈ అన్యాయమునకు ఎదురు నిలిచిన కుమ్రం భీము 1940లో జోడేఘాటు కొండలలో పోలీసుల తుపాకులకు బలియైనాడు. ఆ తరువాతనే నిజాము ప్రభుత్వము గోండుల కష్టములకు మూలమేమో తెలిసికొనుటకు హైమండార్ఫును వినియోగించుకొన్నది.

ఆయన కెమెరాకు దొరకిన దృశ్యములను తలచుకొనుడు. దండారి దినములలో ఒడలెల్ల బూడిద పూసికొని, తలపై నెమలిపింఛముల కిరీటము ధరించి ఆడు గుస్సాడీలు. కిక్రీ వాద్యము పట్టి తన పోషకుల వంశకథలు పాడు ప్రధాను. చేర్యాల కథకునికి పటము ఎట్లో ప్రధానుకు ఆ వాద్యము అట్లు. ఈ చిత్రములు, చలనచిత్రములు లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య విద్యా సంస్థలో భద్రముగా నున్నవి.

ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న కలదు. ఆ కాలపు మానవశాస్త్ర గ్రంథములలో ఫొటోల క్రింద సాధారణముగా “గోండు యువతి”, “వాద్యముతో గాయకుడు” అని మాత్రమే ఉండును. దొరల ఫొటో క్రింద పేరు, బిరుదు, హోదా. అడవి మనిషి క్రింద జాతి పేరు. కెమెరా ముందు నిలిచినది ఒక మనిషి. పుస్తకములో అచ్చుపడినది ఒక నమూనా. ఫొటో ఎంత చక్కనిదైనను, ఈ లోపము దానిలో నున్నంత వరకు ఏదో అప్పు మిగిలియే యుండును.

హైమండార్ఫు దంపతులు ఆ అప్పును కొంతవరకు తీర్చిరని చెప్పవచ్చును. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులను తయారుచేయు శిక్షణ కేంద్రము ఆరంభమైనది. గోండీ భాషలో వాచకములు వెలువడినవి. వేలాది కుటుంబములకు భూమి పట్టాలు లభించినవి. గిరిజన ప్రాంతముల రక్షణకు హైదరాబాదు ప్రభుత్వము 1946లో ప్రత్యేక శాసనము చేసినది. 1987లో బెట్టీ హైదరాబాదులో మరణించినప్పుడు ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసినారు. 1995లో లండనులో మరణించిన హైమండార్ఫు చితాభస్మము 2012లో ఆమె ప్రక్కకు చేరినది. ఫొటో తీసినవాడు ఫొటోలోని ఊరి మట్టిలో కలిసినాడు. ఇట్టి ముగింపు గల చిత్రకథలు లోకములో ఎన్నో లేవు.

ఆ మార్లవాయినుండియే మరియొక శుభవార్త కూడ వచ్చినది. గుస్సాడీ నృత్యమును యువకులకు నేర్పిన కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటింపబడినది. ఆయన 2024లో కన్నుమూసినారు. నెమలిపింఛముల క్రింది ముఖమునకు దేశము పేరు పెట్టి పిలిచినది.

మూడవది చిత్రకారుడు తోట వైకుంఠము గీసిన తెలంగాణ స్త్రీలు. ఆయన 1942లో కరీంనగరు జిల్లా బూరుగుపల్లిలో జన్మించినారు. హైదరాబాదులో చదివి, బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ వద్ద నేర్చినారు. అంత చదువు చదివిన పిమ్మట ఆయన కుంచె తిరిగి చేరినది తన ఊరికే. నల్లని మేను, నిండు చెంపలు, నుదుట రూపాయి బిళ్ళంత ఎర్రని బొట్టు, ముక్కున పుడక, కొట్టవచ్చినట్లుండు చీరరంగులు: ఇదియే ఆయన స్త్రీ. ఎవరీమె అను ప్రశ్నకు ఆయనయే బదులు చెప్పినారు. మొదటి ప్రేరణ తన తల్లి. చిన్ననాట ఊరికి వచ్చిన నాటక సమాజములలో స్త్రీ వేషము వేసిన పురుషుల అలంకారము, అభినయము కూడ ఆయన మనసున ముద్రపడినవి.

క్యాలెండరు బొమ్మలలో అందగత్తె అనిన తెల్లగా, నాజూకుగా ఉండవలెనను నియమము చాల కాలము చెల్లినది. వైకుంఠము ఆ నియమమును పాటింపలేదు. ఎండలో నాటువేసి వచ్చిన రైతు స్త్రీ మేనిరంగును ఉన్నదున్నట్లు గీసి, ఇదియే అందమని నిలిపినారు. ఆ స్త్రీ ఎవరి యెదుటను తల వంచదు.

కాని అదే నేలమీద తల వంచవలసి వచ్చిన స్త్రీలు కూడ కలరు. దొర గడీలో వెట్టిచేసిన ఒక దాసి జీవితమును బి. నర్సింగరావు 1988లో “దాసి” చిత్రముగా తీసినారు. ఆ చిత్రమునకు కళాదర్శకులు వైకుంఠమే. అందుకు జాతీయ పురస్కారము కూడ పొందినారు. రంగుల చీరలో ధైర్యముగా చూచు స్త్రీని గీసిన చేయియే, ఆమె తల్లి ఊడ్చిన గడీని కూడ కట్టి చూపినది. ఈ రెండింటిని కలిపి చూచినగాని ఆ బొట్టు విలువ తెలియదు. నేడు ఆ చిత్రములు నగరములలో సంపన్నుల గోడలనెక్కినవి. ఆ సభామందిరములలోనికి చిత్రములోని స్త్రీ వచ్చి నిలిచినచో ఆమెను కూర్చుండుమని అందురా అను ప్రశ్న కొన్నవారు తమలో తాము వేసికొనవలసినది.

పటములో కులము తన కథను తానే వ్రాయించుకొనినది. ఛాయాచిత్రములో దూరదేశపువాడు వచ్చి చూచినాడు. వర్ణచిత్రములో బిడ్డ తల్లిని గీసినాడు. ముగ్గురి పనితనము వేరు; కాని మూడింటిలోను బొమ్మకు ప్రాణము పోసినది అందులోని మనిషితో గల బాధ్యతయే. ఆ బాధ్యత తెగినచోట మంచి బొమ్మ కూడ గోడకు అలంకారముగా మిగులును.

ఇక మన ఇండ్లలోని బొమ్మల మాట. ఈ ఆదివారము గోడమీది పాత ఫొటోలను మెల్లగా దింపుడు. ఇంటిలో పెద్దవారు ఎవరైన ఉన్నచో వారి ప్రక్కన కూర్చుండి, ఎడమనుండి కుడికి ఒక్కొక్కరి పేరు అడుగుడు. ఊరు, సంవత్సరము, సందర్భము తెలిసికొని ఫొటో వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాయుడు. సిరా అయినచో ముందువైపునకు ఊరును. ఒక్క విషయము మరువకుడు. అట్టి ఫొటోలలో అంచున, సగము నీడలో, బిడ్డను ఎత్తుకొనియో గొడుగు పట్టుకొనియో ఒకరు నిలబడియుందురు. ఇంటి జీతగాడో, పనిమనిషియో కావచ్చును. మొదట మరుగునపడునది వారి పేరే. దానిని అడిగి వ్రాయుడు. జ్ఞాపకమున్నవారు మనతో నుండగానే ఈ పని జరుగవలెను. తరువాత కెమెరా ఎంత మంచిదైనను, అద్దము ఎంత తుడిచినను, ఆ పేరు తిరిగి రాదు.