పాల కేంద్రంలో పట్టా అడగరు
(తెనాలి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



యడ్లపాటి వెంకటరావు గారి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. 1919లో అమృతలూరు దగ్గర బోడపాడులో పుట్టారు. 1967లో స్వతంత్ర పార్టీ తరఫున వేమూరు నుంచి అసెంబ్లీకి వెళ్లారు. తర్వాత చెన్నారెడ్డి గారి మంత్రివర్గంలో వ్యవసాయ మంత్రి. రాజ్యసభకు వెళ్లింది 1998లో, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, తెలుగుదేశం తరఫున. ఒక్క దఫా. 102 ఏళ్లు బతికి 2022 ఫిబ్రవరిలో కన్నుమూశారు. మారిన పార్టీల విషయంలో నాకు ఆయనతో పేచీ ఉంది, ఇవాళ ఆ ఊసు వద్దులెండి.

మా ఇంట్లో ఆయన పేరు వినపడింది పాల వల్ల. మేం కౌలు రైతులం. గేదె కొనడానికి మా అమ్మ ఒక పాల వ్యాపారి దగ్గర బయానా తీసుకుంది. ఇక కొలత ఆయనదే, ధర ఆయనదే. బాకీ ఎంత తీరిందో అడిగితే పుస్తకం చూడాలి అనేవాడు. ఆ పుస్తకం మేం ఎన్నడూ చూడలేదు.

1977లో సంగం డెయిరీ మొదలైంది. వ్యవస్థాపకులు వెంకటరావు గారు, కేంద్రం వడ్లమూడి. వెన్న శాతం చూసి ధర కట్టడం మా అమ్మకు అప్పుడు తెలిసింది. చిన్న పుస్తకంలో తన పేరు, తన పాల లెక్క. చదువు రాకపోయినా దాన్ని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచేది. ఆయన ఒక్కడే కట్టాడనను. తెల్లవారుజామున క్యాన్లు మోసినవాళ్లు, చలిలో పాలు పితికిన ఆడవాళ్లు కట్టారు.

రేపల్లె నుంచి బాపట్ల దాకా చూడండి. కౌలుదారుకు వడ్ల డబ్బు కోతలయ్యాకే, అదీ కౌలు బస్తాలు కొలిచాక మిగిలితే. 2019 చట్టం వచ్చినా సాగు హక్కు పత్రానికి భూయజమాని సంతకం కావాలి. పాల కేంద్రంలో పట్టా అడగరు, పాలు పోస్తే చాలు. సెంటు భూమి లేనివాళ్లకు ఇంట్లోకి రొక్కం వచ్చే దారి అదే.

ఆ సహకార సంఘం ఇప్పుడు ఉత్పత్తిదారుల కంపెనీ. అది ఎవరి అజమాయిషీలో ఉండాలన్న తగాదా 2021లో హైకోర్టుకెక్కింది. ఏ పార్టీ వాళ్లు గెలిచారన్నదే అరుగుల మీద ముచ్చటయింది. పాలు పోసేవాళ్ల మాట ఎక్కడా వినపడలేదు.

ఇంటికెళ్లి వాటా కాగితం తీసి చూడండి, ఎవరి పేరున ఉందో. పేడ ఎత్తి పాలు పితికేది ఆవిడ, వాటా ఆయన పేరున అయితే, వచ్చే సర్వసభ్య సమావేశం లోపే మార్పించండి. కాగితాలు రాయడానికి మన సంఘం కుర్రాళ్లు వస్తారు.