కోసల నేల మీద దుఃఖపాఠం

మన బిలాస్‌పూర్ లింగియాడీహ్‌కు మల్హార్ మరీ దూరమేం కాదు, ఈ జిల్లాలోనే ఉంది. అక్కడ బౌద్ధ విగ్రహాలు బయటపడ్డాయి. మహానది ఒడ్డున సిర్‌పూర్‌లోనైతే ఆనందప్రభు అనే భిక్షువు కట్టించిన విహారం శిథిలాలను ఇప్పటికీ చూడొచ్చు. అప్పట్లో దక్షిణ కోసల అనే ఈ ప్రాంతానికి 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, ఆచార్య నాగార్జునుడు ఇక్కడ ఉండేవాడన్న కథను రాసుకెళ్లాడు.

ఇలాంటి విహారాల్లో చెప్పిన పాఠానికి మూలం సారనాథ్‌లో ఉంది. బుద్ధుడు ఐదుగురికి చేసిన మొదటి బోధ అది. ముసలితనం, జబ్బు, చావు దుఃఖమని ఎవరైనా ఒప్పుకుంటారు. గిట్టనివాళ్లతో కలిసి ఉండడం, అయినవాళ్లకు దూరం కావడం, కోరింది దక్కకపోవడం కూడా దుఃఖమేనన్నాడాయన. కారణం తృష్ణ. సుఖాలు కావాలనే తృష్ణ ఒకటి, ఇదంతా లేకుండా పోతే బాగుండుననే తృష్ణ ఇంకొకటి. ఈ రెంటికీ నడుమ, ఇలాగే ఉండిపోవాలనే తృష్ణ ఉంది చూశారూ, దాన్ని మన రైల్వే కాలనీలోనే చూడాలి. క్వార్టర్ మనది కాదని తెలుసు. అయినా పెరట్లో కరివేపాకు నాటుతాం. రిటైరయ్యాక తాళంచెవి అప్పగించడానికి చెయ్యి రాదు. మొక్క నాటడం తప్పు కాదు సుమండీ! బుద్ధుడు వదలమన్నది ఆ పట్టునే. వదిలే దారిని అష్టాంగ మార్గమన్నాడు. దాని సంగతి మరో ప్రసంగంలో.