కాపీ చేసిన లిస్ట్‌తో క్వెరీ రాస్తే కొన్ని పేర్లు ఎందుకు మాయమవుతాయి?

ఈరోజు టాపిక్ చిన్నదే, కానీ ఆఫీసులో రోజూ పనికొస్తుంది. వాట్సాప్‌లోనో ఎక్సెల్‌లోనో వచ్చిన లిస్ట్‌ని క్లీన్ చేసి ఎస్‌క్యూఎల్ క్వెరీలో ఎలా వాడాలో చూద్దాం.

మన సంగారెడ్డి, పటాన్‌చెరు కంపెనీల సంగతే తీసుకుందాం. కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజర్ 40 మంది యూఏఎన్ నంబర్లు వాట్సాప్‌లో పంపాడనుకోండి. యూఏఎన్ అంటే తెలుసు కదా, పీఎఫ్‌కి ఉండే 12 అంకెల నంబర్. ఆ నంబర్లన్నీ 'ఇన్' బ్రాకెట్‌లో పెట్టి క్వెరీ రన్ చేశారు. 37 రికార్డులు వచ్చాయి. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. దాంతోనే పీఎఫ్ ఫైల్ చేసి పంపేస్తే? ఆ ముగ్గురికి ఆ నెల పీఎఫ్ పడదు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. డేటాబేస్ దొరికినవి ఇస్తుంది, దొరకనివి ఏవో చెప్పదు. అది మనమే లెక్కపెట్టుకోవాలి.

సరే, ఆ ముగ్గురు ఎందుకు రాలేదు? మామూలుగా నాలుగు కారణాలు ఉంటాయి.

ఒకటి, వాట్సాప్. చాలా మెసేజ్‌లు కలిపి కాపీ చేస్తే తేదీ, టైమ్, పంపినవాళ్ల పేరు కూడా వస్తాయి. నంబర్ ముందు ఒక స్పేస్ మిగిలినా మ్యాచ్ అవ్వకపోవచ్చు.

రెండు, ఎక్సెల్. 12 అంకెల నంబర్‌ని ఈ-ప్లస్-11 అంటూ కుదించి చూపిస్తుంది. ముందున్న సున్నాలు తీసేస్తుంది. 16 అంకెల బ్యాంక్ ఖాతా నంబర్ అయితే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఎందుకంటే అది 15 అంకెలే దాచుకుంటుంది. అందుకే పేస్ట్ చేయకముందే కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చండి.

మూడు, కనపడని స్పేస్. వెబ్‌పేజీ నుంచి కాపీ చేస్తే 160 కోడ్ ఉన్న స్పేస్ రావచ్చు. ట్రిమ్ ఫార్ములా దాన్ని తీయదు. సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో క్యార్ 160 ఇచ్చి తీసేయాలి.

నాలుగు, మన తెలుగు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట, ఇస్మాయిల్ ఖాన్ పేట, ఇస్మాయిల్ఖాన్పేట. మనకి మూడూ ఒకే ఊరు. కంప్యూటర్‌కి మాత్రం మొదటిదాంట్లో అక్షరాలు వత్తుగా కలవకుండా ఆపే కనపడని గుర్తు ఉంది, దాని కోడ్ 8204. రెండోదాంట్లో స్పేస్ ఉంది. మూడోదాంట్లో ఏదీ లేదు. పోస్ట్‌గ్రెస్ మామూలు సెట్టింగ్‌లో ఇవి మూడు వేరే పేర్లు. అందుకే ఊరి పేరుతో వెతక్కండి. ప్రతి గ్రామానికీ కేంద్రం ఇచ్చిన ఎల్‌జీడీ కోడ్ ఉంటుంది, అది మీ టేబుల్‌లో ఉంటే దాంతో వెతకండి.

ఇప్పుడు పని చేసే వరుస. ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఉన్నా చాలు.

ముందు వచ్చిన లిస్ట్‌ని ఒక షీట్‌లో అలాగే ఉంచండి, ముట్టుకోవద్దు. ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోండి. పక్క కాలమ్‌లో సబ్‌స్టిట్యూట్, తర్వాత ట్రిమ్. ఆ పక్కన లెన్ ఫార్ములా పెట్టండి. యూఏఎన్‌కి 12 రాకపోతే ఆ లైన్‌లో ఏదో తేడా ఉన్నట్టే. ఖాళీ లైన్లు, రెండుసార్లు వచ్చినవి తీసేయండి, ఎన్ని తీశారో రాసుకోండి. ఆఖరికి టెక్స్ట్‌జాయిన్‌తో మధ్యలో కామా పెట్టి కలపండి. కాలమ్ టెక్స్ట్ అయితే ప్రతి నంబర్‌కీ రెండువైపులా నిలువు సింగిల్ కోట్ ఉండాలి. వంకర కోట్లు వస్తే క్వెరీ ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ వస్తే మంచిదే, కనీసం తప్పు తెలుస్తుంది! ఇంకోటి, ఒరాకిల్ పాత వెర్షన్లలో ఇలాంటి లిస్ట్‌కి 1000 వరకే అనుకోండి. పెద్ద లిస్ట్ అయితే టెంపరరీ టేబుల్‌లో వేసుకోండి.

క్వెరీ రన్ అయ్యాక మళ్లీ లెక్క చూడండి. 40 ఇచ్చి 37 వస్తే, మీ లిస్ట్‌ని టేబుల్‌గా వేసి లెఫ్ట్ జాయిన్ చేయండి. అవతలి వైపు నల్ ఉన్నవాళ్లే మిస్ అయినవాళ్లు. నాట్ ఇన్ వాడితే జాగ్రత్త, లోపల ఒక్క నల్ ఉన్నా ఒక్క రికార్డు కూడా రాదు.

చివరగా, ఆన్‌లైన్‌లో కామాలు పెట్టిచ్చే సైట్లు చాలా ఉన్నాయి. వాటిలో ఆధార్, యూఏఎన్, బ్యాంక్ నంబర్లు పేస్ట్ చేయకండి. అవి మీవి కావు, కష్టం చేసే మనుషులవి.

మీకు ఇంకేదైనా లిస్ట్‌తో తిప్పలుంటే కామెంట్‌లో రాయండి, నంబర్లు మాత్రం పెట్టకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.