పంట వేసిన చేతికే సాయం రావాలి
(వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పులు, వసూళ్ల గురించి పెద్దలు చెప్పారు. మేము తుపాను సాయం గురించి నాలుగు మాటలు చెప్తాం.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. మిరప చేలో నీళ్లు నిలిచి మొక్క వడలిపోయింది. పత్తి చెట్టు మీదే తడిసింది. కోతకొచ్చిన వరి పడిపోయింది. మా సంఘంలో ఎక్కువమందిమి కౌలుకే చేస్తాం. విత్తనానికి, మందులకు సంఘం అప్పు తెచ్చి పెట్టాం. పంట పోయింది మాకు. జాబితా చూస్తే మాలో కొందరి చేలకి భూమి యజమాని పేరుంది. డబ్బులూ ఆయన ఖాతాకే వెళ్లాయి. పిలిచి ఇచ్చినవాళ్లు ఉన్నారు, ఇవ్వనివాళ్లూ ఉన్నారు. సంఘంలో వాయిదా మాత్రం మేమే కట్టాం.

అందుకని ఈ సాయం ఎలా వస్తుందో అడిగి తెలుసుకున్నాం. దీన్ని ఇన్‌పుట్ సబ్సిడీ అంటారు. ఇది పోయిన పంటకి ఖరీదు కాదు, మళ్లీ సాగు చేసుకోవటానికి ఆసరా. పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే ఇస్తారు. 2022 నుంచి 2026 వరకు కేంద్రం పెట్టిన లెక్కలో హెక్టారుకి వర్షాధార పంటకి 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000, బత్తాయి, నిమ్మ లాంటి తోటలకి 22,500 రూపాయలు. అదీ రెండు హెక్టార్ల వరకే. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కోసారి ఇంకొంత కలుపుతుంది. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. నీటి వసతి ఉన్న మిరపకి ఎకరం లెక్కన ఏడు వేలు కూడా పడదు. పెట్టుబడి చూస్తే లక్ష దాటుతుంది. వచ్చేదే అంత తక్కువైనప్పుడు అది కూడా వేరే ఖాతాకి పోతే ఎట్లా?

ఎవరి పేరున వస్తుందనేది తుపాను వచ్చాక తేలేది కాదు, పంట వేసినప్పుడే తేలుతుంది. ఈ-క్రాప్‌లో ఎవరి పేరుంటే వాళ్లకే సాయం. కౌలుదారు పేరు ఎక్కటానికి కౌలు కార్డు ఆధారం. 2019 చట్టం ప్రకారం ఆ కార్డు పదకొండు నెలలకే చెల్లుతుంది. దానివల్ల భూమి మీద మనకి ఏ హక్కూ రాదు. ఈ సంగతి తెలియకే చాలామంది యజమానులు సంతకానికి వెనకాడుతున్నారు. ఒక్క ఆడమనిషి వెళ్లి అడిగితే "చూద్దాంలేమ్మా" అంటారు. పదిమందిమి వెళ్లి విడమరిచి చెప్తే వింటారు.

కాబట్టి అక్కల్లారా, మా సంఘం నాలుగు పనులు అడుగుతోంది.

ఒకటి, కౌలు మాట్లాడుకునే రోజునే కార్డు మాట కూడా మాట్లాడుకోవాలి. సంతకం కోసం సంఘం సభ్యులు తోడు వెళ్లాలి.

రెండు, ఈ-క్రాప్‌లో పేరు, సర్వే నంబరు, పంట సరిచూసుకుని వేలిముద్ర వేసి, రసీదు దాచుకోవాలి.

మూడు, ఖాతాకి ఆధార్ కలిసిందో లేదో బ్యాంకులో అడగాలి.

నాలుగు, నష్టం జాబితా రైతు సేవా కేంద్రంలో పెట్టగానే అందరం వెళ్లి చూడాలి. పేరు లేకపోతే గడువులోపే అర్జీ ఇవ్వాలి.

సంఘం సమావేశంలో పొదుపు పుస్తకాలతో పాటు ఈ రసీదులు కూడా చూడాలని తీర్మానం చేయమని సమాఖ్యను కోరుతున్నాం. తుపానుని మనం ఆపలేం. పేరు రాయించుకోవటం మన చేతిలో పని.